ఒక్క ట్యాబ్ తేడా.. 1,830 మెసేజ్‌లు!

మొన్న ఆదివారం మా పిన్ని కొడుకు ఫోన్ చేశాడు. ఇంజినీరింగ్ సెకండియర్. గొంతులో కోపం.

"అన్నా, ల్యాబ్ ఎగ్జామ్‌లో నా ప్రోగ్రామ్ రన్ అయింది. అవుట్‌పుట్ కరెక్ట్. అయినా మేడమ్ మూడు మార్కులు కోసేశారు. చదవడానికి వీల్లేదంట! కంప్యూటర్ చదివేసింది కదా, ఇంకెవరు చదవాలి?"

కోడ్ ఫొటో తీసి పంపమన్నా. పంపాడు. సి ప్రోగ్రామ్. ఒక ఫర్ లూప్, దాని కడుపులో ఇంకో ఫర్ లూప్, అందులో రెండు ఇఫ్‌లు. లైన్లన్నీ రేషన్ షాపు క్యూలాగా ఎడమ గోడకి అంటుకుని నిలబడ్డాయి. ఏ బ్రేస్ దేనిదో తెలియాలంటే వేలు పెట్టి లెక్కపెట్టుకోవాలి.

"మీ మేడమ్ తక్కువే కోశారు రా" అన్నా. అలిగాడు. అప్పుడు వాడికి ఒక కథ చెప్పా. అదే ఈ వారం మీకూ చెప్తా. ఇందులో తప్పు చేసింది వేరే ఎవరో కాదు, నేనే.

60 సార్లు అడిగిన ఫీజు

ఉద్యోగంలో చేరి రెండో నెల. మా చిన్న ఆఫీసుకి ఒక కోచింగ్ సెంటర్ పని వచ్చింది. ఫీజు బాకీ ఉన్న విద్యార్థుల తల్లిదండ్రులకు ఎస్ఎంఎస్ పంపే ప్రోగ్రామ్. పైథాన్‌లో రాశాం. అసలు సంగతి నాలుగు లైన్లే. (కీబోర్డులో కొట్టేటప్పుడు ఇంగ్లిష్ అక్షరాలే అనుకోండి. ఇక్కడ చదువుకోవడానికి వీలుగా తెలుగులో రాస్తున్నా.)

నంబర్లు = []
ఫర్ విద్యార్థి ఇన్ బాకీలు:
    నంబర్లు.అపెండ్(విద్యార్థి.ఫోన్)
పంపు(నంబర్లు)

బాకీ ఉన్న ఒక్కొక్కరి ఫోన్ నంబర్ తీసి లిస్టులో వెయ్యి. అందరివీ వేశాక ఒక్కసారి పంపు. అంతే.

కాకపోతే అసలు ప్రోగ్రామ్‌లో ఆ లూప్ లోపల ముప్పై నలభై లైన్లు ఉండేవి. నంబర్‌లో పది అంకెలు ఉన్నాయా, ముందు సున్నా ఉంటే తీసెయ్యాలా, ఇలాంటి చెకింగ్‌లన్నీ. లూప్ అయిపోయిన చోట ఒక్క ఖాళీ లైన్ కూడా లేదు. పంపు అన్న లైన్ లూప్‌కి అతుక్కునే ఉంది.

ఒక సాయంత్రం చిన్న మార్పు చేయాల్సి వచ్చింది. కొత్తగా నాలుగు లైన్లు పేస్ట్ చేశా. అవి సరైన చోట కూర్చోలేదు. సెలెక్ట్ చేసి ట్యాబ్ కొట్టా. సెలెక్షన్‌లో కింద ఇంకో లైన్ కూడా వచ్చిందని చూసుకోలేదు. అది పంపు లైన్. ఒక్క మెట్టు లోపలికి జరిగింది.

నంబర్లు = []
ఫర్ విద్యార్థి ఇన్ బాకీలు:
    నంబర్లు.అపెండ్(విద్యార్థి.ఫోన్)
    పంపు(నంబర్లు)

తేడా కనపడిందా? ఇప్పుడు ప్రతి నంబర్ చేర్చగానే, అప్పటిదాకా చేరిన వాళ్లందరికీ మెసేజ్ పోతుంది. మొదటి చుట్టులో ఒకరికి. రెండో చుట్టులో ఇద్దరికి. మూడో చుట్టులో ముగ్గురికి. ఆ రోజు బాకీ లిస్టులో 60 మంది ఉన్నారు. 1 నుంచి 60 దాకా కూడండి. 1,830. అరవై మెసేజ్‌లు పోవాల్సిన చోట పద్దెనిమిది వందల ముప్పై పోయాయి. లిస్టులో చివరి ఆయనకి ఒక్కటే వచ్చింది. మొదటి ఆయనకి 60 వచ్చాయి.

ఎర్రర్ రాలేదు. ప్రోగ్రామ్ చక్కగా రన్ అయింది. నేను బ్యాగు సర్దుకుని ఇంటికెళ్లిపోయా.

మర్నాడు పొద్దున్నే లిస్టులో మొదటి ఆయన కోచింగ్ సెంటర్‌కి వచ్చారు. ఆటో నడుపుతారు. నన్నూ అక్కడికి పిలిపించారు. ఆయన అరవలేదు. తిట్టలేదు. "బాబూ, పదో తారీఖున కడతానని ముందే చెప్పాను కదా. అన్నిసార్లు అడగాలా? ఫోన్ పిల్లాడి చేతిలో ఉంది. వాడే చూశాడు" అన్నారు. చొక్కా జేబులోంచి డబ్బు తీసి టేబుల్ మీద పెట్టారు. ఎవరి దగ్గరో అప్పు తెచ్చారని తర్వాత తెలిసింది.

ఆయనకి నేనేం చెప్పాలి? ట్యాబ్ ఒకటి ఎక్కువ పడిందండీ అనా?

బంతి భోజనం లెక్క

లూప్ అంటే ఏంటో మనకి కంప్యూటర్ కంటే ముందే తెలుసు. ఊళ్లో పెళ్లి భోజనాలు గుర్తు తెచ్చుకోండి. టేబుళ్లు చాలవు కాబట్టి బంతుల వారీగా కూర్చోబెడతారు. వడ్డించే కుర్రాళ్లకి పెదనాన్న చెప్పే పని ఇదీ:

ప్రతి బంతికీ:
    ప్రతి ఆకుకూ:
        పప్పు వడ్డించు
        నెయ్యి వెయ్యి
    ఆకులు తియ్యి
గిన్నెలు కడుగు

లూప్ లోపల లూప్. ఏ పని ఎన్నిసార్లు చెయ్యాలో మాటల్లో ఎక్కడా లేదు. ఆ లైన్ ఎంత లోపలికి ఉందో అదే చెప్తోంది. పప్పు, నెయ్యి ప్రతి ఆకుకీ. ఆకులు తియ్యడం బంతికి ఒకసారి. గిన్నెలు కడగడం అన్నీ అయ్యాక ఒక్కసారి.

ఇప్పుడు "ఆకులు తియ్యి" అన్న లైన్‌ని ఒక్క మెట్టు లోపలికి తొయ్యండి. నెయ్యి పడగానే ఆకు లాగేస్తారు. అన్నం కలిపే టైమ్ కూడా ఉండదు! "గిన్నెలు కడుగు"ని ఒక మెట్టు లోపలికి తోస్తే, మొదటి బంతి లేవగానే గిన్నెలన్నీ కడిగేస్తారు. రెండో బంతికి పప్పు ఎక్కడిది?

కాబట్టి ఇండెంటేషన్ అంటే అందం కోసం పెట్టే ముగ్గు కాదు. ఏది మళ్లీ మళ్లీ జరుగుతుంది, ఏది ఒక్కసారే జరుగుతుంది అన్న సమాచారం అందులోనే ఉంది. లూప్‌ని చదవడమంటే అసలు ఈ ఒక్క ప్రశ్నకి జవాబు వెతుక్కోవడమే.

కన్ను ఒకటి చదివి, మెషీన్ ఇంకోటి చదివితే?

పైథాన్‌ని నెదర్లాండ్స్‌కి చెందిన గిడో వాన్ రోసమ్ తయారుచేశారు. 1991లో బయటికొచ్చింది. అంతకుముందు ఆయన పనిచేసిన ఏబీసీ అనే భాషలో ఇండెంటేషనే బ్లాక్‌ని నిర్ణయించేది. ఆ పద్ధతినే పైథాన్‌లోకి తెచ్చారు. అందుకే పైథాన్‌లో కన్ను చూసేదీ మెషీన్ చూసేదీ ఒకటే. నా తప్పు కూడా స్క్రీన్ మీద కళ్లెదురుగానే ఉంది. నలభై లైన్ల గుంపులో నేనే చూడలేదు.

సి, సి ప్లస్ ప్లస్, జావా, జావాస్క్రిప్ట్ లాంటి వాటిలో కథ వేరు. అక్కడ మెషీన్ ఖాళీలను పట్టించుకోదు. బ్రేసులు, సెమికోలన్లే దానికి ముఖ్యం. ఈ ముక్క చూడండి:

ఫర్ (ఐ = 0; ఐ < 5; ఐ++)
    మొత్తం = మొత్తం + మార్కులు[ఐ];
    చూపించు(మొత్తం);

మన కంటికి రెండు లైన్లూ లూప్ లోపలే ఉన్నట్టున్నాయి. అయిదు సార్లు చూపిస్తుందని అనుకుంటాం. కానీ బ్రేసులు లేవు కాబట్టి లూప్‌లో ఉన్నది మొదటి లైన్ ఒక్కటే. చూపించేది ఒక్కసారే. ఇంకో తమాషా: ఫర్ లైన్ చివర పొరపాటున సెమికోలన్ పెడితే, లూప్ ఖాళీగా అయిదు సార్లు తిరిగి వెళ్లిపోతుంది. కింద ఉన్న లైన్ లూప్ అయ్యాక ఒక్కసారి నడుస్తుంది. దీంతో రాత్రంతా కూర్చున్న ఫస్టియర్ పిల్లలు ప్రతి హాస్టల్‌లో ఉంటారు.

ఇవి పిల్లల తప్పులు, పెద్ద కంపెనీల్లో జరగవు అనుకుంటున్నారా? 2014 ఫిబ్రవరిలో యాపిల్ హడావుడిగా ఒక సెక్యూరిటీ అప్‌డేట్ ఇచ్చింది. ఐఫోన్లో, మాక్‌లో సురక్షిత వెబ్‌సైట్ నిజమైనదో కాదో చూసే కోడ్‌లో 'గోటూ ఫెయిల్' అన్న లైన్ వరుసగా రెండుసార్లు పడింది. మొదటిది పైన ఉన్న ఇఫ్‌కి చెందుతుంది. రెండోది కూడా అంతే లోపలికి జరిగి, ఇఫ్ కిందే ఉన్నట్టు కనపడుతుంది. బ్రేసులు లేవు కాబట్టి అది ఇఫ్ బయటే ఉంది. అంటే షరతుతో పని లేకుండా ప్రతిసారీ నడుస్తుంది. దాంతో అసలు కీలకమైన చెకింగ్ దాకా పోకుండానే, అంతా బాగుందన్న జవాబుతో ఫంక్షన్ బయటికొచ్చేసేది. అదే వైఫైలో కూర్చున్న దొంగ, బ్యాంకు సైట్‌లా నటించడానికి దారి దొరికింది. అది లూప్ కాదు, ఇఫ్. కానీ జబ్బు మాత్రం ఒకటే: కన్ను చదివింది ఒకటి, మెషీన్ చదివింది ఇంకొకటి.

అచ్చంగా లూప్ కథే కావాలంటే ఇంకా వెనక్కి వెళ్లాలి. 1990 జనవరి 15న అమెరికాలో ఏటీ అండ్ టీ కంపెనీ దూరప్రాంత ఫోన్ నెట్‌వర్క్ దాదాపు తొమ్మిది గంటలు కుంటుపడింది. 114 పెద్ద స్విచింగ్ కంప్యూటర్లు ఒకదాన్ని చూసి ఒకటి రీసెట్ అవుతూ కూర్చున్నాయి. అన్నింట్లో ఉన్నది ఒకటే సాఫ్ట్‌వేర్, సి భాషలో రాసింది. ఒక లూప్, అందులో స్విచ్, అందులో ఇఫ్, అందులో ఇంకో ఇఫ్. అంత లోతులో ఒక బ్రేక్. అది ఎక్కడి నుంచి బయటికి తీసుకెళ్తుందన్న దగ్గర లెక్క తప్పింది. సి భాషలో బ్రేక్ అంటే ఇఫ్ లోంచి బయటికి రావడం కాదు. దగ్గర్లో ఉన్న లూప్‌లోంచో స్విచ్‌లోంచో బయటికి రావడం. అన్ని పొరలు ఉన్నప్పుడు రాసేవాడికీ చూసేవాడికీ అది పట్టుకోవడం కష్టం.

ఇవాళ్టి నుంచే పాటించండి

మా తమ్ముడికి రాసిచ్చిన లిస్టు ఇది. స్క్రీన్‌షాట్ తీసుకుంటే తీసుకోండి.

1. మెట్టు ఎప్పుడూ ఒకే ఎత్తు. పైథాన్ వాళ్లు 2001లో రాసుకున్న పెప్ 8 అనే పద్ధతి ప్రకారం ఒక మెట్టుకి నాలుగు ఖాళీలు. ట్యాబ్‌లూ స్పేస్‌లూ కలపొద్దు. కంటికి రెండూ ఒకలా ఉంటాయి, మెషీన్‌కి కాదు. మెట్టు ఎత్తు తేల్చుకోలేని విధంగా కలిపేస్తే పైథాన్ 3 ట్యాబ్ ఎర్రర్ అని ఆగిపోతుంది. ఫోన్‌లో కోడ్ రాసేవాళ్లు మరీ జాగ్రత్త. బొటనవేలితో స్పేస్ కొడుతూ పోతే ఒక చోట మూడు, ఒక చోట అయిదు పడతాయి.

2. లూప్ అయ్యాక ఒక ఖాళీ లైన్ వదలండి. మాటకీ మాటకీ మధ్య ఖాళీ లేకుండా రాసిన తాటాకు గ్రంథాలు చదవాలంటే పండితులు కావాలి. మీ కోడ్ చదివేవాళ్లకి అంత కష్టం పెట్టకండి. ఆ రోజు నా పంపు లైన్ పైన ఒక ఖాళీ ఉండి ఉంటే, సెలెక్ట్ చేసేటప్పుడు నా చెయ్యి అక్కడే ఆగేది.

3. లూప్‌లో ఒక్క లైనే ఉన్నా బ్రేసులు పెట్టండి. సి, జావా రాసేవాళ్లకి ఇది. ఇవాళ ఒక్క లైనే. రేపు ఎవరో కింద ఇంకో లైన్ చేరుస్తారు. వాళ్లు బ్రేసులు గుర్తుపెట్టుకుంటారన్న గ్యారంటీ లేదు.

4. అంతా ఒకే లైన్‌లో ఇరికించొద్దు. ఫర్ రాసి, కోలన్ పెట్టి, పక్కనే పని కూడా రాసేస్తే పైథాన్ ఒప్పుకుంటుంది. కానీ లూప్ ఆకారం పోతుంది. లిస్ట్ కాంప్రహెన్షన్ కూడా చిన్నదైతేనే ముద్దు. అందులో రెండు ఫర్‌లు, రెండు ఇఫ్‌లు దూర్చితే అది పొడుపు కథ అవుతుంది.

5. మూడు మెట్లకి మించి లోపలికి వెళ్లొద్దు. లినక్స్ కెర్నల్ రాసేవాళ్ల పద్ధతి ప్రకారం ఒక్కో మెట్టు ఎనిమిది అక్షరాల వెడల్పు. ఎక్కువ లోపలికి వెళ్తే కోడ్ కుడి గోడకి గుద్దుకుంటుంది. అలా గుద్దుకుంటే ప్రోగ్రామ్‌నే మార్చి రాయమని వాళ్ల సలహా. మనకి రెండు దారులు ఉన్నాయి. లోపలి పనిని ఒక ఫంక్షన్ చేసి బయట పెట్టడం ఒకటి. అక్కర్లేని వాటిని మొదట్లోనే కంటిన్యూతో దాటెయ్యడం రెండోది:

ఫర్ విద్యార్థి ఇన్ విద్యార్థులు:
    ఇఫ్ విద్యార్థి.బాకీ == 0:
        కంటిన్యూ

    నంబర్లు.అపెండ్(విద్యార్థి.ఫోన్)

పంపు(నంబర్లు)

బాకీ లేనివాళ్లని గేటు దగ్గరే పంపించేశాం. అసలు పని ఒక మెట్టులోనే ఉంది. పంపు లైన్ ఎక్కడుందో ఎవరైనా చెప్తారు.

6. తిరిగే దానికి పేరు పెట్టండి. నంబర్ లెక్క కోసం అయితే ఐ, జె చాలు. కానీ విద్యార్థుల లిస్టులో తిరుగుతుంటే ఎక్స్ ఎందుకు? విద్యార్థి అనండి. (పైథాన్ 3లో వేరియబుల్ పేర్లు తెలుగు అక్షరాల్లో కూడా పెట్టొచ్చు. మీ ల్యాప్‌టాప్‌లో ఒకసారి సరదాగా ట్రై చేయండి. టీమ్‌లో పనిచేసేటప్పుడు మాత్రం టీమ్ మాటే వినండి.)

ఫార్మాటర్ ఉందిగా?

ఉంది. వాడండి. వీఎస్ కోడ్‌లో విండోస్ మీద షిఫ్ట్, ఆల్ట్, ఎఫ్ కలిపి నొక్కితే, ఆ భాషకి ఫార్మాటర్ ఉంటే, కోడ్ సర్దుకుంటుంది. జావాస్క్రిప్ట్‌కి ప్రెటియర్, పైథాన్‌కి బ్లాక్ ఉన్నాయి. గో భాషకైతే ఫార్మాటర్ దాంతో పాటే వస్తుంది.

కానీ ఒక మెలిక ఉంది. ఇది చాలామందికి తెలియదు. సి లాంటి భాషల్లో ఫార్మాటర్, మెషీన్ ఎలా చదువుతుందో దాని ప్రకారం లైన్లను జరుపుతుంది. అంటే బ్రేస్ లేకుండా లూప్ లోపల ఉన్నట్టు నటిస్తున్న లైన్‌ని లాగి ఎడమ పక్కకి తెస్తుంది. దొంగ దొరికిపోతాడు. జీసీసీ కంపైలర్ కూడా ఆరో వెర్షన్ నుంచి ఇలాంటి మోసపు ఇండెంటేషన్‌ని హెచ్చరిస్తోంది. వార్నింగ్స్ ఆన్ చేసి పెట్టుకుంటే చాలు.

పైథాన్‌లో అలా కుదరదు. అక్కడ ఖాళీలోనే అర్థం ఉంది. నా పంపు లైన్ లోపలుండాలో బయటుండాలో ఫార్మాటర్‌కి ఎలా తెలుస్తుంది? నేను రాసిందే నా ఉద్దేశం అనుకుంటుంది. తప్పుని కూడా నీట్‌గా సర్ది పెడుతుంది. అక్కడ కాపలా మనిషి కన్నే. ఆ కన్నుకి పని తేలిక చెయ్యడమే మన పని.

ఫోన్ దూరంగా పెట్టి చూడండి

చివరగా ఒక చిన్న టెస్ట్. మీరు రాసిన కోడ్‌ని ఫోన్‌లో తెరిచి, చెయ్యి చాపి దూరంగా పట్టుకోండి. అక్షరాలు చదవలేకపోయినా ఫర్వాలేదు. ఆకారం కనపడాలి. ఎక్కడ లూప్ మొదలైంది, ఎక్కడ అయిపోయింది, లోపల ఇంకోటి ఉందా అన్నది ఆకారంలోనే తెలియాలి. తెలియకపోతే ఒక ఖాళీ లైన్ చేర్చండి, లేదా ఒక ఫంక్షన్ బయటికి తియ్యండి.

మా తమ్ముడు ఆ రాత్రే తన ల్యాబ్ ప్రోగ్రామ్ మళ్లీ రాసి పంపాడు. ఈసారి నాకు వేలు పెట్టి లెక్కపెట్టాల్సిన అవసరం రాలేదు. పంపిన రెండు నిమిషాలకే ఇంకో మెసేజ్: "అన్నా, సర్దుతుంటే ఒక తప్పు దొరికింది. లోపలి లూప్ ఒకసారి ఎక్కువ తిరుగుతోంది. ఎగ్జామ్‌లో ఇచ్చిన ఇన్‌పుట్‌కి బయటపడలేదంతే."

కంప్యూటర్ చదివేసింది కదా, ఇంకెవరు చదవాలి అని అడిగాడు కదా. వాడే చదవాలి. అప్పటిదాకా వాడు కూడా చదవలేదు.

ఆ రోజు ఆయన టేబుల్ మీద పెట్టిన డబ్బుని కోచింగ్ సెంటర్ వాళ్లు వెనక్కి ఇచ్చేశారు, పదో తారీఖునే కట్టండి అన్నారు. నేను సారీ చెప్పా. ఆయన తల ఊపి ఆటో తీసుకుని వెళ్లిపోయారు. అప్పటినుంచి ఏ లూప్ రాసినా, అది అయిపోయిన చోట ఒక ఖాళీ లైన్ వదిలి, పైకి వెళ్లి ఇంకోసారి చదువుకుని గానీ రన్ కొట్టను.

వచ్చే వారం: ఫంక్షన్లకి పేర్లు ఎలా పెట్టాలి? మీ కోడ్‌లో మీకే అర్థం కాని పేరు ఏదైనా ఉంటే రాసి పంపండి. నవ్వుకుందాం, నేర్చుకుందాం.